చిక్కు వెంట్రుకల చెన్నమ్మ

చిక్కు వెంట్రుకలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే చెన్నమ్మ, గంప నెత్తిన పెట్టుకుని గద్వాల నుంచి కొల్లాపూర్ దాకా బస్సులెక్కి దిగుతూ వాడవాడా తిరిగేది. ఎవరు పొట్లం తెచ్చినా ముందు వేళ్లతో దువ్వి చూసేది. రెండువేల మూడు ఎండాకాలంలో, వీపనగండ్లలో ఒకడు నిండు జడ తెచ్చి బిందె అడిగాడు. దువ్వుతుంటే మొదళ్ల దగ్గర ఆమె వేళ్లకు నెత్తురు తడి తగిలింది.

"ఇవి ఎవలియి?"

"నా పెండ్లానియే. ఎదురు మాట్లాడింది, కోసిన."

చెన్నమ్మ ఆ బిందెతోనే అతని ముఖం మీద కొట్టింది. కింద పడ్డా వదల్లేదు, పళ్లు రాలేదాకా కొట్టింది. గాయాల నెత్తిన కొంగు కప్పుకుని అతని భార్య గడప దాటి వచ్చింది.

"నువ్వు కొట్టి బస్సెక్కి పోతవ్ అక్కా. రేపు ఈడు నన్ను సంపుతడు."

చెన్నమ్మ బిందె పక్కన పెట్టి, గంప లేపి ఆమె చంకన పెట్టింది.

"నడువ్. బస్సు నీకు గూడ ఆగుతది."