పేరు లేని ముద్ద

కంగారూల దేశంలో, టూంగాబీ అనే చోట, సుగుణ ఇంటి ముందుగదిలో, దేవుడి పటాల కంటే జానెడు ఎత్తున, ఒక పాత కాగితం నకలు వేలాడుతూ ఉంటుంది. ఆమె ముత్తాత అప్పలస్వామి చెరకు తోటల్లో కూలి చేయడానికి 1911లో మద్రాసులో ఫిజీ ఓడ ఎక్కినప్పుడు దొరలు రాసిచ్చిన పాసు అది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, అన్నీ రాశారు. ఇరవై ఏళ్ళ కిందట సుగుణ తమ్ముడు చలపతి ఆ నకలు సంపాదించి పటం కట్టించాడు. అప్పటినుంచీ ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఆ పాసు చూడాల్సిందే.

"మా ముత్తాత పెళ్ళాన్ని కూడా ఎంటబెట్టుకొచ్చినాడు. అందర్లాగ ఒంటరిగా రానేదు," అని చలపతి రొమ్ము విరుచుకుంటాడు. ఆ పెళ్ళాం పేరేమిటని మాత్రం అడగకూడదు. అడిగితే వెంటనే కాఫీ వచ్చేస్తుంది.

ఆ పేరు ఎవరికీ తెలియదు మరి. కట్టుకున్నదాన్ని పేరు పెట్టి పిలవకూడదన్న పట్టింపును అప్పలస్వామి సముద్రం దాటినా వదల్లేదు. "ఇదిగో" అన్నాడు, "పిల్ల తల్లీ" అన్నాడు, అలాగే కాలం గడిపేశాడు. సుగుణ అమ్మమ్మకు నాలుగేళ్ళప్పుడే ఆ ఇల్లాలు కన్నుమూసింది. తల్లిని అమ్మా అనడమే తెలిసిన పసిపిల్లకు పేరెక్కడ గుర్తుంటుంది? ఫిజీలోని లంబాసా చెరకు పొలాల్లో ఒక మనిషి పేరు అలా చల్లగా మాసిపోయింది.

సుగుణ ఆ లంబాసాలోనే పుట్టింది. అక్కడ గోరింటాకు నూరిన రోజున అమ్మమ్మ అరచేతిలో చందమామ పెట్టేది కాదు. ముందుగా ఎడమ ముంజేతి మీద, చీపురుపుల్లతో, ఒక తేలు గీసేది. ఎందుకే అంటే, "మనింట్లో ఇంతే" అనేది. సుగుణ తన మనవరాలు అపూర్వకూ అలాగే గీసింది. ఎనిమిదేళ్ళప్పుడు ఆ పిల్ల బడి నుంచి ఏడుస్తూ వచ్చింది, అందరి చేతుల మీద పువ్వులుంటే నా చేతి మీద తేలేమిటని. సుగుణ కూడా "మనింట్లో ఇంతే" అంది.

ఫిజీ వదిలి టూంగాబీ వచ్చాక ఇరవై ఏడేళ్ళు సుగుణ ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచింది. తెల్లటి ఆవిరి, తెల్లటి గుడ్డలు, గోడవతల ఏ కాలమో తెలియని వెలుగు. భర్త పోయాక ఇంట్లో మిగిలింది ముసలి తల్లి, చదువుకుంటున్న అపూర్వ. తల్లి ఏటా పెద్దలకు పెట్టుకునే రోజున అరిటాకులో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ముద్ద పెట్టేది. ఆఖరి ముద్దను ఆకు అంచున, ఎడంగా, మాట్లాడకుండా పెట్టేది.

నిరుడు నవంబరులో, వీధిలో జకరండా చెట్లు ఊదాపూలు రాలుస్తున్నప్పుడు, తల్లి మంచంలోంచి సుగుణ చెయ్యి పట్టుకుంది.

"అరవై ఏళ్ళు ముద్దెట్టినానే. పేరెట్టి పిలవనేదు. పిలవకండా ఎడితే ఎవులొచ్చి తింటారు? నా ఏడాదికి నా పక్కన ఆయమ్మక్కూడా ఎట్టండి. పేరెట్టి పిలవండి."

సుగుణ మాట ఇచ్చింది. మాట ఇవ్వడానికేం, నోరుంటే చాలు. ఆ వారమే తల్లి పోయింది. ఆ మాట తీర్చడమెలాగో తెలియక నెలలు దొర్లిపోయాయి. పగటినిద్రలో మాత్రం ఒకే కల వచ్చేది. లాండ్రీ ఆవిరిలో ఎవరో చిన్న మనిషి అటు తిరిగి నిలబడి ఉంటుంది. పిలుద్దామంటే పేరు లేదు. పిలవందే ఆమె ఇటు తిరగదు. లేచాక చాలాసేపు సుగుణకు దిగులుగా ఉండేది.

అక్టోబరులో ఒక ఆదివారం, చలపతి వచ్చి ఉండగా, అపూర్వ కుర్చీ ఎక్కి ఆ పటం దుమ్ము తుడుస్తూ ఆగిపోయింది. సుగుణను ఆ పిల్ల ఫిజీవాళ్ళలాగే, అమ్మమ్మ అనడానికి బదులు, నానీ అంటుంది.

"నానీ, లుక్. 'ఇఫ్ మ్యారీడ్, టు హూమ్' అన్న గడిలో జస్ట్ గీత ఉంది. హీ వాజ్ సింగిల్."

ఇరవై ఏళ్ళుగా వచ్చిపోయే చుట్టాలందరికీ చూపించిన కాగితం! చూపించడమే తప్ప ఆ గడిని చదివిన పాపాన ఎవరూ పోలేదు.

"ఆడోళ్ళకి యేరే పాసెందుకుంటాదమ్మా? మొగుడి పాసులోనే వొచ్చీస్తారు," అన్నాడు చలపతి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అతను. తర్వాత అక్క వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఒంటరిగా ఓడెక్కిన ఆడదాన్ని జనం ఏటంటారో ఎరగవా? ఓడలో కలిసినోళ్ళని తెలిస్తే మన పరువేటవుతాది? ఆ సంగతి ఒగ్గీ అక్కా."

"పరువు నువ్వుంచుకో. నాకు పేరు కావాల," అంది సుగుణ. తమ్ముడి మీద ఆమె గొంతు లేవడం అదే మొదలు.

ఒంటరి ఆడవాళ్ళకూ పాసులు ఉండేవి. వాటి మైక్రోఫిల్ములు సిటీ లైబ్రరీలో ఉన్నాయని అపూర్వ కనిపెట్టింది. రెండు శనివారాలు ఇద్దరూ రైలెక్కి వెళ్ళారు. చీకటి గదిలో వెలిగే తెర మీద, అప్పలస్వామి ఎక్కిన ఓడలోనే ఒంటరిగా ఎక్కిన ముప్పై ఏడుగురు ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి పోయారు. చెంప మీద పుట్టుమచ్చ. మోకాలి మీద దెబ్బ. కుడి కన్ను చిన్నది. ఎవరో గుమస్తా విసుగ్గా రాసిన ముక్కల్లోంచి వాళ్ళు తనను చూస్తున్నట్టే ఉంది సుగుణకు. ఇందులో మనమ్మ ఎవరు? ఎలా గుర్తుపట్టాలి?

రెండో శనివారం సాయంత్రం అపూర్వ నిద్రమత్తుగా చదువుతోంది. "ఏజ్ నైంటీన్. ఫోర్ ఫీట్ టెన్. వెంట ఎవరూ లేరు. టాటూ, స్కార్పియన్, లెఫ్ట్ ఫోర్‌ఆర్మ్..."

ఆ పిల్ల తన ఎడమ ముంజేతి వైపు చూసుకుంది. సుగుణ ఆ చేతిని పట్టుకుని బావురుమంది. నాలుగేళ్ళకే తల్లి పోయిన అమ్మమ్మకు ఆ తల్లి పేరు గుర్తులేదు, చెయ్యి గుర్తుంది. తనను ఎత్తుకున్న చెయ్యి, దాని మీద పచ్చబొట్టు తేలు.

"పేరు సదువమ్మా," అంది సుగుణ.

"పైడితల్లి. డాటర్ ఆఫ్ నూకయ్య."

ఆ రాత్రే సుగుణ చలపతికి ఫోన్ చేసి చెప్పింది. అతను విని ఫోన్ పెట్టేశాడు.

తల్లి ఏడాది నాడు చలపతి స్నానం చేసి, తడిబట్టతో పెరటిలో ఆకు ముందు కూర్చున్నాడు. ఏటా ఇంట్లో పెట్టుకునే ముద్దలు వేరు, తల్లి ఏడాదికి పిలవాల్సింది కొడుకే. నాన్నను పిలిచాడు, తాతను పిలిచాడు, అప్పలస్వామిని పిలిచాడు, అమ్మమ్మను పిలిచాడు, అమ్మను పిలిచి కళ్ళు తుడుచుకున్నాడు. ఆఖరి ముద్ద చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. తమ్ముడు పిలవకపోతే తానే పిలుద్దామని సుగుణ ముందుకు వంగింది. కంచె మీద కాకి కాచుకుని ఉంది.

అపూర్వ నీళ్ళ చెంబు అందించింది. ఆమె ముంజేతి మీద నిన్న పెట్టిన గోరింటాకు తేలు ఎర్రగా పండి ఉంది. చలపతి ఆ తేలును చూశాడు. తలెత్తి ఆ పిల్ల మొహం చూశాడు. దానికీ పందొమ్మిదేళ్ళే.

"పైడితల్లీ," అన్నాడు. "మా అపూర్వంత పిల్లవి... అంత సముద్రం ఒక్కర్తివే వొచ్చీసినావా అమ్మా?"

ఆ ముద్దను ఆకు అంచున పెట్టలేదు. అమ్మ ముద్దకు ఆనించి పెట్టాడు.