సున్నం కింద ఎర్ర గీత

ఈ సంగతి జరిగిన ఏడే రాసి ఉండవలసింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు తమ్ముళ్లను ఎత్తుకోవడంతో సరిపోయింది, పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చాక వంటతో సరిపోయింది. అరవై దాటాక, మా వీధి మొగలో పైవంతెన కడుతున్న రోజుల్లో, దుమ్ముకు భయపడి మధ్యాహ్నాలన్నీ తలుపులూ కిటికీలూ బిగించుకుని కూర్చునేవాళ్లం. ఆ ఉక్కలో ఊరికే కూర్చోలేక చిన్నకోడలి చేత తెలుగు దిద్దించుకున్నాను. ఆ వంతెన నాకు చేసిన మేలు అదొక్కటే. మొన్న మనవరాలు స్కూటీ మీద నన్ను దాని మీదుగా బారిడీహ్ తీసుకెళ్లింది. "దేఖో మామ్మా, దో మినట్ మే ఆ గయే" అని మురిసిపోయింది. రెండే నిమిషాలట. నేను కిందికి చూశాను. మా వీధి కనిపించలేదు, కప్పులూ నీళ్ల ట్యాంకులూ కనిపించాయి. వదిన ఇడ్లీలు వండిన చోట వంతెన స్తంభం ఉంది. పిల్ల సంతోషం ఎందుకు పాడుచెయ్యాలని ఊరుకున్నాను గానీ ఒళ్లు మండిపోయింది.

వదిన అంటే మా ఆయన అక్క. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆవిడది రోడ్డు మొహాన, నాది లోపల. ఇంటి ముందు పాక వేసుకుని, బొగ్గుల పొయ్యి మీద ఇడ్లీలూ అట్లూ వేసేది. ఉక్కు కార్ఖానాలో పొద్దుటి షిఫ్టుకు పోయేవాళ్లు చీకటి విడకముందే సైకిళ్లు ఆపి తినేవారు. ఎవరికి పచ్చడిలో కారం పడదో, ఎవరు అట్టు మాడితేగాని తినరో ఆవిడకు తెలుసు. ఆ పాక తప్ప ఆవిడకు వేరే ఆధారం లేదు.

చలికాలం చివర వంతెన కోసమని కొలతలవాళ్లు వచ్చి గోడల మీద ఎర్రరంగుతో గీతలు గీశారు. ఎంతవరకు పోతుందని అడిగితే పైవాళ్లకు తెలుసన్నారు. పైవాళ్లెవరో వీళ్లకు తెలియదు. వదిన గోడ మీది గీత పాక మూలను రాసుకుంటూ పోయి పొయ్యి దాకా రాకుండానే ఆగింది. మూల పోతే పోయింది, పొయ్యి మిగిలిందని ఆవిడ సంతోషించింది. అంతలో అమ్మవారి పండగ వచ్చింది. ఘటాలు గుమ్మం గుమ్మానికీ వస్తాయి, ఎత్తినవాళ్ల కాళ్లకు పసుపునీళ్లు పోస్తాం. అలాంటప్పుడు సున్నం వెయ్యని గోడ మా తెలుగువాళ్ల వీధిలో ఒక్కటీ ఉండదు. అందరం కుంచెలు పట్టాం. నీలిమందు కలిపి రెండు పూతలు వేశాం. ఆ గోడల మీద గీతలున్నాయన్న సంగతి ఒక్కరికీ తోచలేదు. పైగా మా వీధి ఈసారి బాగా తెల్లబడిందని మురిసిపోయాం.

కొలతలాయన మళ్లీ వచ్చేసరికి వీధంతా పాలలా ఉంది. కావాలనే చెరిపేశామనుకుని ఇద్దరు పోలీసులను పిలిపించాడు. గుమ్మం గుమ్మానికీ ఆగి ఎవరు చెరిపారని గద్దించాడు. వదిన చేతిలో గరిటెతోనే బయటికొచ్చి, "హమారా పరబ్ థా బాబూ, మైలా దీవాల్ రఖేగా?" అంది. పండగపూట మాసిన గోడ ఉంచుతామా అని. తర్వాత నా వైపు తిరిగి, "సున్నం ఎయ్యకుండా పండగేటే? ఈ మడిసికి ఇల్లూ వాకిలీ నేవేటి?" అంది. పోలీసులు నవ్వుకుని, చెరో పళ్లెం ఇడ్లీ తిన్నారు. కొలతలాయన నవ్వలేదు, తినలేదు. మళ్లీ టేపు లాగించాడు. కొత్త గీత పొయ్యి దాటి గుమ్మం దాకా వచ్చింది. అదేమని అడిగితే మొదటిది కచ్చా, ఉజ్జాయింపుగా గీసింది, ఇది పక్కా అన్నాడు. సున్నం వెయ్యకపోతే పొయ్యి మిగిలేదా? ఈ మాట ఎన్ని ఆఫీసుల్లో అడిగించామో. ఒక చోట సాహెబ్ లేడన్నారు, ఒక చోట మా రోడ్డు వాళ్లది కాదన్నారు, ఇంకో చోట కూర్చోబెట్టి మరిచిపోయారు.

తర్వాత రోడ్డు పొడుగునా నీలం రేకుల గోడ లేచింది. మధ్యలో మనిషి పక్కకు తిరిగితే పట్టే సందు వదిలారు. షిఫ్టువాళ్లు అవతలి నుంచే పోవడం మొదలెట్టారు. వదిన రోజూ మిగిలిన పిండితో మాకందరికీ పుల్లట్లు పోసేది. పులిసిన అట్లు తిని తిని నాకు అట్టంటేనే కోపం వచ్చింది. ఆషాఢంలో, ముసురు పట్టిన ఒక సాయంత్రం, మర్నాడు పాకలు తియ్యడానికి యంత్రం వస్తుందని కబురొచ్చింది. పొయ్యి తెచ్చి మా అరుగు మీద పెట్టుకోమన్నాను.

"ఆషాడంలో పొయ్యి కదుపుతారేటే? సావనం రానీ" అంది వదిన.

"యంత్రానికి ఆషాడం తెలుస్తాదేటి ఒదినా?"

"దానికి తెలీపోతే నాకూ తెలీదేటి? అయినా నీ అరుగు మీద నాను దుకాణం ఎట్టుకుంటే రేపు నీ కోడళ్లేటంటారు?"

అసలు సంగతి అదీ. నాకు విసుగొచ్చింది. "నీ పొయ్యి అక్కడే ఉండనీ. నా పొయ్యి ఏనాటి నుంచో నా అరుగు మీదే ఉంది. దాన్నెవులూ కదపనక్కర్నేదు. దాని మీద వండుతావో, రుబ్బిన పిండి పారబోత్తావో నీ ఇష్టం" అన్నాను. వదిన లోపలికి పోయి తలుపేసుకుంది.

మర్నాడు చీకటితోనే లేచి నా పొయ్యి రాజేసి, ఇడ్లీపాత్రలో నీళ్లు పెట్టాను. గొడుగు వేసుకుని రేకుల సందు దగ్గర నిలబడి, అవతల పోతున్నవాళ్లను, ఇటు రండి, లోపల వీధిలో, అని పిలిచాను. నలుగురు సైకిళ్లు ఆనించి పక్కకు తిరిగి వచ్చారు. వాళ్లను వెంటబెట్టుకుని వచ్చేసరికి వదిన పిండిగిన్నె నా అరుగు మీద దించి, నా ఇడ్లీ పళ్లేలు సరిగ్గా కడగలేదని గొణుగుతోంది. వెనక యంత్రం మొదలైంది. ఆవిడ అటు తిరగలేదు. ఆషాఢం ఎప్పటికి గడుస్తుందో గానీ షిఫ్టు ఆగదు కదా. పళ్లేలు తీసుకెళ్లి మళ్లీ కడుక్కొచ్చాను.