డేగక్క, అరచేతి కంప్యూటర్

మా బల్బుల ఫ్యాక్టరీలో ఆవిడను అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. తనిఖీ బల్ల మీద వెలుగుతున్న బల్బుల వరసలో ఏది రెప్పపాటు మినుకుమన్నా, చటుక్కున ఊడబెరికి కాళ్ళ దగ్గరి బుట్టలో పడేసేది. అందుకే డేగక్క. కబుర్లు చెబుతున్నా, తుమ్ముతున్నా ఆ కళ్ళూ చెయ్యీ వాటి పని అవి చేసుకుపోయేవి. "అక్కా, నీ కంటపడితే ఆకాశంలో చుక్కలు కూడా మిగలవు," అని ఏడిపించేవాళ్ళం. ఇంట్లో ఆవిడా, మోకాళ్ళు పట్టేసి గడప దాటలేని ఆడపడుచూ. ఇద్దరికీ ఆ ఒక్క జీతమే ఆధారం.

తనిఖీకి యంత్రం వచ్చింది. దాన్ని కనిపెట్టుకుని ఉండటానికి కొద్దిమంది చాలట. వాళ్ళను ఏరడానికి పరీక్ష పెట్టి, తలా ఒక చిన్న డబ్బా చేతికిచ్చారు. అందులో అరచేతిలో ఇమిడే కంప్యూటర్ పలక, నాలుగు తీగలు, కందిగింజంత దీపం. మామూలు కంప్యూటర్ తెర మీద ఆదేశాలు రాసి పలకలోకి పంపితే దీపం దానంతటదే వెలిగి ఆరుతుండాలి. కొత్తగా నేర్చుకునే పిల్లల కోసం చేసిన వస్తువట. పిల్లలకైతే తప్పినా అన్నం పెడతారు.

"ఈ వయసులో నా చేత ఓనమాలు దిద్దిస్తున్నారు," అని గొణుగుతూనే డేగక్క క్యాంటీన్లో కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నేర్చుకుంది. నేర్పడానికి కంపెనీ పంపిన అమ్మాయి మెచ్చుకుంది కూడా.

పరీక్ష మాత్రం క్యాంటీన్లో కాదు, తనిఖీ బల్లల దగ్గరే పెట్టారు. అదే కుర్చీ, అదే బుట్ట. "నా చోటు నాకిచ్చారు, ఇంకేం భయం?" అంది డేగక్క. చాలా రోజుల తర్వాత ఆవిడ మొహంలో నవ్వు చూశాను. మేం ప్యాకింగ్ వాళ్ళం తలుపు దగ్గర నిలబడ్డాం.

తడబడకుండా రాసింది. పలకలోకి పంపింది. దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. మేనేజరు పక్క బల్ల దాకా వచ్చాడు. అంతలో డేగక్క చెయ్యి లేచింది. పలకను తీగలతో సహా లాగి బుట్టలో పడేసింది.

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత మేనేజరు మొహం చూశాను. ఆవిడ మాత్రం తన చెయ్యి వైపే చూస్తూ ఉండిపోయింది.

నేర్పే అమ్మాయి పరుగున వచ్చి పలకను బయటికి తీసింది. "వెలిగింది సార్, నేను చూశాను. ఇంకోసారి చెయ్యనివ్వండి."

మేనేజరు మర్యాదగానే చెప్పాడు. "ఆవిడకి రాయడం వచ్చు, కాదనను. కానీ ఆ యంత్రం నిండా మినుకుమనే దీపాలేనమ్మా. ఇలా చెయ్యి పోనిస్తే వేళ్ళు తెగిపోతాయి."

అబద్ధమైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నిజం కాబట్టే ఒళ్ళు మండింది. ఆ చెయ్యి ఆగకూడదనే కదా ఇన్నాళ్ళూ జీతమిచ్చారు. డబ్బా ఇంటికి తీసుకెళ్ళమన్నారు, ఆవిడను ఇక రావద్దన్నారు.

కొన్ని వారాల తర్వాత ఒక సెలవు రోజు ఆవిడను చూడ్డానికి వెళ్ళాను. కిటికీలో ఆ దీపం వెలిగి ఆరుతోంది. ఆడపడుచు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"చూశావా అమ్మాయ్, మా వదిన తనే రాసిందట. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను. కానీ కొత్త పని మొదలైనప్పటి నుంచీ మనిషి సగమైపోయింది. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని పోతుంది, చీకటి పడ్డాక వస్తుంది, మాటా పలుకూ లేదు. మీ మేనేజరుతో చెప్పి కాస్త పని తగ్గించమనవూ?"

డేగక్క వంటగది గుమ్మంలో ఉంది. నా వైపు చూడలేదు.

"చెబుతానండీ," అన్నాను.

డేగక్క లోపలికి వెళ్ళి, మర్నాటికి క్యారేజీ గిన్నెలు కడుక్కోసాగింది.