మావయ్యగారు వెనక్కి తీసుకున్న మద్దతు

మా మావయ్యగారు రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. రాయపూర్ రైల్వే కాలనీలో మన తెలుగువాళ్లకి ఒక అలవాటు ఉంది. యూనియన్ కాగితం వస్తే ఎవరూ చదవరు, సంతకం పెట్టేస్తారు. పెట్టినది వెనక్కి తీసుకోవడమంటే తల కొట్టేసినట్టే. కాలనీ గోడ పక్కన సొంత ఇల్లు కట్టుకున్నాక కూడా ఆయనకి ఆ అలవాటు పోలేదు.

ఒక ఏడాది అందరి ఫోన్లలోకీ ఒక కంపెనీ నుంచి సందేశం వచ్చింది. పేదలకి ఉచిత ఇంటర్నెట్ కావాలంటే ఇక్కడ నొక్కండి, మీ మద్దతు ప్రభుత్వానికి మేమే పంపుతాం అని. ఊరికే వస్తే మావాడు ఇంకొకడున్నాడు అన్నట్టు, మావయ్యగారు తను నొక్కి ఊరుకోకుండా వీధంతా తిరిగి నొక్కించి వచ్చారు.

నాకు ఒళ్లు మండింది. నేను తెలుగు అక్షరాల పాఠాలు రికార్డు చేసి ఒక చిన్న వెబ్‌సైట్‌లో పెట్టేదాన్ని. ఇక్కడి బళ్లలో మనవాళ్లకి దొరికేది హిందీయే, తెలుగు ఇంట్లో మాటల వరకే. ఆ ఉచిత ఇంటర్నెట్‌లోనేమో ఆ కంపెనీ ఎంచిన సైట్లే తెరుచుకుంటాయి. ఉచితం వదిలేసి, డబ్బు కట్టి నా అ ఆలు వినేదెవరు? అదే మావయ్యగారిని అడిగాను.

"ఏటమ్మా, ఊరికే ఇస్తానంటే కాదనీవోడు ఎవుడు? పెద్ద బండి ముందెల్తాది, చిన్న బండి ఆగతాది. తిల్దా టేసన్లో నా పాసింజర్ని ఎన్నిసార్లు పక్క లైన్లో ఆపీసినారు."

"ఆగినా మీ పాసింజర్ రాయపూర్ చేరేది కదండీ మావయ్యగారూ. నా పాఠానికి అసలు పట్టాలే వెయ్యరు," అన్నాను. మా ఆయన ఎప్పటిలాగే గోడ మీద పిల్లి. పేపర్లోంచి తల ఎత్తలేదు.

మర్నాడు మావయ్యగారు టీ తాగి చెప్పులేసుకున్నారు. అప్పటికింకా ప్రభుత్వం దీని మీద జనం అభిప్రాయాలు తీసుకుంటోంది. నేను కూరలకని బయల్దేరితే ఎదురింటి వరండాలో ఆయన గొంతు వినిపించింది.

"మొన్న నాను సెప్పింది గల్తీ. గవర్నమెంటుకి వద్దని రాయండి. మా కోడలిదే కాదు, ఎవుడి సైటైనా ఒక్కలాగే తెరుసుకోవాల."

"నొక్కమన్నదీ మీరే, వద్దన్నదీ మీరే," అని ఎదురింటివాళ్లు నవ్వారు. ఆయన తల వంచుకుని పక్కింటికి వెళ్లి మళ్లీ అదే చెప్పారు. నా కోపం అక్కడే చప్పబడింది. పాపం అనిపించింది.

కొన్నాళ్లకి, సైటుని బట్టి ఇంటర్నెట్ రేటు మార్చకూడదని నిబంధన వచ్చింది, ఆ ఉచితం ఆగిపోయింది. ఆ వార్త హిందీ పేపర్లో మావయ్యగారే చదివి వినిపించారు. కళ్లజోడు తీసి, ఫోను నా చేతిలో పెట్టారు.

"మొదటి పాటం పెట్టమ్మా. నా సదువంతా ఈడే, హిందీలోనే. తెలుగు అచ్చరం ఒక్కటీ రాదు నాకు."