గాల్లో కొట్టిన గంట

ఇళ్లకు కేబుల్ టీవీ కొత్తగా వస్తున్న రోజులవి. నాకు ముప్పై ఏళ్లు. చంద్రాపూర్‌లో లాల్‌పేట్ బొగ్గుగనిలో, బొగ్గు మోసే టబ్బులు, అంటే చిన్న ఇనుప బండ్లు, నడిచే దారిలో నా పని. టబ్బులు ఆగాలంటే గోడ వెంట ఉన్న తీగను ఒక్కసారి గట్టిగా గుంజాలి. పైన గంట మోగితే ఆపరేటర్ వాటిని లాగే ఇంజన్ ఆపేస్తాడు.

ఒక ఆదివారం ఊరి బయట మైదానంలో పుణె వాళ్లెవరో పారాచూట్లు ఎక్కిస్తున్నారు. జీపు తాడుతో లాగి పైకి లేపుతుంది. తాడు వదిలాక మనమే దిగాలి. గుండ్రటి పాత పారాచూట్‌తో రెండుసార్లు దిగేసరికి నాకు కొమ్ములొచ్చాయి. పోటీలకు వాడే చిన్నది కావాలని పట్టుబట్టాను.

"ఇది మహా చురుకు. ఏ చేతి తాడు లాగితే అటే తిరుగుతుంది, మెల్లగా లాగు" అని వాళ్ల కోచ్ హిందీలో చెప్పాడు.

"ఆయన చెప్పేది జర ఇను" అంది నా భార్య లక్ష్మి. విన్నట్టు తలూపాను.

జీపు తాడు వదిలాక నేల నా మీదికి దూసుకొచ్చింది. ఎలాగైనా ఆపాలి. పదేళ్ల అలవాటు కదా, కుడిచేతి తాడును ఒక్క గుంజు గుంజాను. పారాచూట్ గిర్రున తిరిగింది. ఆగలేదేమని మళ్లీ గుంజాను. ఇంకా తిరిగి, బర్రెలు పొర్లే బురదగుంటలో పడేసింది.

లక్ష్మి ఏడుస్తూ ఉరికొచ్చింది. "గట్లెందుకు గుంజినవ్?"

"ఆపమని గంట కొట్టిన."

ఏడుపులోనే నవ్వొచ్చింది ఆమెకు. "పైన ఇనెటోడు ఎవడున్నడయ్యా?"

మర్నాడు గనిలో ఆపరేటర్‌ను వెతుక్కుంటూ వెళ్లి చాయ్ తాగించాను. ఎందుకో చెప్పడానికి మాత్రం సిగ్గేసింది.