గల్ఫ్‌కు పోవాల్సిన చింతకాయ తొక్కు

విదేశీ మార్కెట్ల పాఠాన్ని నేను ఏళ్లుగా బోర్డు మీదే చెబుతున్నాను. ఎగుమతికి సిద్ధమవుతున్న వాళ్లను ఒక్కసారైనా చూపించమని ఈసారి మా ఎంబీఏ పిల్లలు పట్టుబట్టారు. వాళ్లలో మౌనికది గోదావరిఖని. కమాన్‌పూర్ దగ్గర ఓ పల్లెలో ఆడవాళ్లు సంఘం పెట్టుకుని చింతకాయ తొక్కు చేస్తున్నారని, గల్ఫ్‌లో తెలుగువాళ్ల దుకాణాలకు సరుకు వేసే ఒకాయన దాన్ని రుచి చూసి వీడియో కాల్‌లో మాట్లాడతానన్నాడని తనే చెప్పింది. ధర, ప్యాకింగు, రవాణా గురించి ఆ ఆడవాళ్లకు ముందుగా వివరించడం మా పిల్లల పని. అలా జనవరి చివర్లో బయలుదేరాం.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కితే భోజనాల వేళకు చాలా ముందే రామగుండంలో దిగొచ్చు. గోదావరిఖనికి షేర్ ఆటోలు దొరుకుతాయి కానీ, లోపలి ఊళ్లకు వెళ్లాలంటే ఆటోను రోజంతటికీ మాట్లాడుకోవడమే మేలు. మేము రెండు తీసుకున్నాం, ఒక్కోదానికి పదిహేను వందలు. ఊరి పేరు చెప్పగానే మా డ్రైవర్ అంజన్న అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. "గా ఊరికి పట్నం నుంచి వచ్చేది సర్వేటోళ్లే మేడం. మీరేం కొలుస్తరు?" అన్నాడు. మేమేమీ కొలవమని చెప్పాక అసలు సంగతి బయటపెట్టాడు. ఓపెన్‌కాస్టు బొగ్గు గని ఆ ఊరి దాకా వచ్చేసిందట, గని కోసం ఈ ఏడే ఊరంతా ఖాళీ చేయిస్తారట. మౌనికకు ఈ విషయం తెలుసు. చెబితే నేను ప్రయాణం మానేస్తానేమోనని దాచింది. కోపం వచ్చింది కానీ, పిల్ల భయం అర్థమై ఊరుకున్నాను.

సంఘం పెద్ద సారమ్మ. భర్త భూమి లోపలి గనిలో పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ల ఇంటి ముందు గదిలోనే తొక్కు తయారవుతుంది. రోట్లో దంచేది ఇద్దరు, ఈనెలు తీసేది ఇంకొందరు, ఉప్పు వేసేది మాత్రం పోశవ్వ ఒక్కతే. ఆమె ఊళ్లో లేకపోతే ఆ రోజు పని ఆపేస్తారు తప్ప ఇంకొకరి చేత ఉప్పు వేయించరు. మధ్యాహ్నం సైరన్ మోగగానే దంచడం ఆగిపోయింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒక్కొక్కరూ అరుగు మీది తమ తమ జాడీని కిందికి దించి, పరిచిన గోనెసంచుల మీద పెట్టి బయటికి నడిచారు. మేమూ వెంట నడిచాం. గనిలో పేలుడుకు కాళ్ల కింద నేల అదిరింది. కాసేపటికి అందరూ లోపలికి వచ్చి, మళ్లీ రోకళ్లు అందుకున్నారు.

అన్నంలో అదే తొక్కు వేసి పెడుతూ సారమ్మ తన ఆశంతా నా ముందు పెట్టింది. ఊరు ఖాళీ చేసేవాళ్లకు కొత్త కాలనీలో ప్లాట్లు ఇస్తారు, అవి వద్దనుకున్నవాళ్లు పైసలు తీసుకుని తమ దారి తాము చూసుకోవచ్చు. ఒకామె మందమర్రిలో బిడ్డ దగ్గరికి పోతానంటోంది, పోశవ్వ ఇంకా ఎటూ తేల్చుకోలేదు. "ఆర్డరొస్తే అందరం పక్కపక్కకే ప్లాట్లు అడుగుతం మేడం. లేకుంటే ఎవ్వల తొవ్వ వాళ్లదే" అంది సారమ్మ. ఆ మాట విన్నాక మా పిల్లల లెక్కలు నాకు చాలా చిన్నవిగా అనిపించాయి.

కాల్ మూడింటికి వచ్చింది. అవతలి మనిషిదీ కరీంనగర్ వైపే, మర్యాదస్తుడు. ధర ఒప్పుకున్నాడు, సీసా సైజూ ఒప్పుకున్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు: "ఏడాది పొడుగునా గిదే చేతి రుచి రావాలె అక్కా. గీ అందరు కలిసే చేస్తరు గద?" అవునని చెప్పమని మౌనిక కళ్లతోనే బతిమాలింది. నిజం చెప్పాలంటే నేనూ అదే కోరుకున్నాను. సారమ్మ పోశవ్వ వైపు చూసింది. పోశవ్వ తల దించుకుంది. "చెయ్యాలనే ఉంది తమ్మి. ఊరు లేస్తే ఎవ్వలెక్కడుంటమో నాకే ఎరుక లేదు. నీకెట్ల మాటియ్యాలె?" అంది సారమ్మ. ఆయన, కొత్త చోట అందరూ కుదురుకున్నాక ఫోన్ చేయమని, అప్పుడు తప్పకుండా తీసుకుంటానని మెల్లగా చెప్పాడు. మంచిది తమ్మి అని సారమ్మ ఫోన్ మౌనిక చేతికిచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, "కుదురుకునేతందుకే గద ఆర్డరు కావాల్నంటిమి" అంది.

తిరుగు రైల్లో పిల్లలు ఎవరూ ఫోన్లు తీయలేదు. ఆ వ్యాపారి మోసగాడైతే తిట్టుకునేవాళ్లం, సారమ్మ అబద్ధమాడితే తప్పుపట్టేవాళ్లం. ఇద్దరూ మంచిగానే ఉన్నారు, బేరం మాత్రం పోయింది. విదేశీ మార్కెట్ అంటే కొనేవాళ్లు దొరకడమేనని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. అమ్మేవాళ్లు ఒకచోట నిలిచి ఉండాలన్న సంగతి నా పాఠంలో ఎక్కడా లేదు.

మీరూ వెళ్లాలనుకుంటే ఒక్క మాట. మధ్యాహ్నం పేలుళ్ల వేళకు ముందే ఊరు చేరండి, ఆలస్యమైతే దారిలోనే ఆపేస్తారు. తొక్కు కావాలంటే ఈ ఎండాకాలం లోపే తెచ్చుకోండి. మళ్లీ చింతకాయలు వచ్చేనాటికి పోశవ్వ కోసం ఏ ఊళ్లో అడగాలో నేను చెప్పలేను.