చెన్నకేశవుడి అచ్చు, బర్రె అచ్చు

1946 వేసవిలో నన్ను సహాయ గ్రంథపాలకుడిగా నరసరావుపేటకు బదిలీ చేశారు. బళ్లో చదివింది ఎనిమిదో తరగతే గానీ, గ్రంథాలయంలో చేతికందిన పుస్తకమల్లా చదివినవాణ్ని. చెక్క అచ్చుపని మీద మూడు పుస్తకాలు చదివి, ఖాళీగా ఉన్న పక్కగదిలో జనం తమ చేతులతోనే అచ్చు వేసి నేర్చుకునే ప్రదర్శన పెడతానని పైవారికి రాశాను. ఒప్పుకున్నారు. అయితే వారంలో తనిఖీ అధికారి వస్తారనీ, అప్పటికి గది జనానికి పనికిరాకపోతే రేషను కార్డుల ఆఫీసుకు ఇచ్చేస్తామనీ చెప్పారు.

అచ్చులు చెక్కింది కారంపూడి నాగభూషణాచారి గారు. ప్రెస్సులకు బొమ్మలు చెక్కి బతికిన మనిషి. ఆయన పనిలోకెల్లా నాజూకైనది మాచర్ల చెన్నకేశవస్వామి అచ్చు. వెంట్రుకంత సన్నటి గీతలు. దాన్నే బల్ల మీద పెట్టి, పక్కన సిరా, దాన్ని అచ్చుకు పూసే రోలరు, కాగితాలు, అచ్చు మీద పరిచిన కాగితాన్ని రుద్దడానికి గరిటె ఉంచాను.

రెండు రోజులు జనం వచ్చారు. చెప్పులు బయట విడిచారు, దణ్ణం పెట్టుకున్నారు, వెళ్లిపోయారు. ఒకావిడ కుంకుమ పెడితే గీతలు పూడుకుపోయాయి. రోలరు అందించబోతే ఆవిడ వెనక్కి జరిగింది.

"అమ్మో! సామి మొహానికి మసి పూయమంటావా? మా కళ్లు పోవాలనా?"

ఆచారి గారు సూదితో కుంకుమ తీస్తూ నవ్వారు. "ఏంది పంతులూ, మూడు పుస్తకాల్లో ఒక్కదాంట్లో కూడా ఇది రాయలేదా?"

మర్నాటి నుంచి ఆయన టేకు ముక్కల మీద బర్రెను చెక్కసాగారు. ప్రతి ముక్కలోనూ ఒక కొమ్ము చుట్టూ చెక్కను తీయకుండా వదిలేశారు. అచ్చు వేస్తే అక్కడ నల్లటి మచ్చ పడేది. అప్పుడు వచ్చినవాళ్ల చేతికి ఉలి ఇచ్చి, చుట్టూ మిగిలిన చెక్కను వాళ్ల చేతనే తీయించి, కొమ్ము తేలాక మళ్లీ అచ్చు వేయించేవారు. చెక్కిన చోటు తెల్లగా మిగులుతుంది, ఉంచిన చోటే సిరా అంటుతుంది. నేను రెండు పేజీలు రాసి గోడకంటించిన సంగతి ఇంతే.

"ఒరేయ్, బర్రె కొమ్ము ఊడగొట్టావు గదరా!" అని పక్కవాడు అరిస్తే, ఉలి పట్టినవాడు నవ్వేవాడు.

"కొమ్ముతో పనేందిరా, పాలిస్తే చాలు!"

తనిఖీ అధికారి వచ్చిన రోజు గదిలో చోటు లేదు. ఆయనా ఉలి పట్టి, కొమ్ము ఊడగొట్టి, ఇంకో ముక్క అడిగారు. రేషను ఆఫీసుకు వేరే ఇల్లు చూశారు.

ఆ తరువాత నేను ఏ ప్రదర్శన పెట్టినా, నిపుణుడి గొప్ప పనిని అద్దం వెనక ఉంచి, పాడైనా ఫరవాలేదనిపించే వస్తువును బల్ల మీద పెట్టాను. ఆ తేడా నాకు నేర్పింది ఆచారి గారు.